పారే గెడ్డలో పుట్టే దోమ

‘ఇంటి చుట్టూ నీళ్లు నిలవనీయకండి’ అన్న రాత ఏ ఊరి గోడ మీద చూసినా కనిపిస్తుంది. ఒడిశాలో బరంపురంలోనో పర్లాఖిమిడిలోనో అది పనికొచ్చే మాటే. రాయగడ, కోరాపుట్ కొండ ఊళ్లలో మాత్రం సగం పనికే వస్తుంది. అక్కడ మలేరియాను ముఖ్యంగా మోసేది అనాఫిలిస్ ఫ్లూవియాటిలిస్ అనే దోమ. మెల్లగా పారే గెడ్డ (కొండవాగు) ఒడ్డున, గడ్డి నీళ్లలోకి వాలిన చోట, మెట్ల మడుల్లో ఊట జారే చోట అది గుడ్లు పెడుతుంది. తొట్టిని బోర్లించినట్టు గెడ్డను బోర్లించలేం కదా! ఆ దోమను పట్టాల్సింది మనం పడుకునే చాప దగ్గరే.

జోరు వానల్లో గెడ్డ పొంగితే దోమ పిల్లలు కొట్టుకుపోతాయి. వానలు వెనకబట్టి నీళ్లు తేటపడ్డాకే వాటికి మంచి రోజులు. చలి మొదలైంది, ఇక దోమలు ఉండవులే అని దోమతెర మడిచి అటకెక్కించేదీ సరిగ్గా అప్పుడే.

మలేరియా రోగిని కుట్టిన దోమ మర్నాడే ఇంకొకరికి జబ్బు అంటించలేదు. క్రిమి దాని కడుపులో పెరిగి లాలాజల గ్రంథులకు చేరడానికి సుమారు 10 నుంచి 14 రోజులు పడుతుంది. ఈలోగా గుడ్ల కోసం రెండు మూడు రోజులకోసారి రక్తం తాగాలి, అంటే ఇంకో నాలుగైదు సార్లు ఇళ్లలోకి రావాలి. వచ్చిన ప్రతిసారీ మందు తెరో, మందు కొట్టిన గోడో సగం దోమల్ని చంపిందనుకుందాం, లెక్క కోసమే. నాలుగు రాకలయ్యేసరికి 100 దోమల్లో మిగిలేవి 6. ఊళ్లో ఎక్కువమంది తెర కట్టుకుంటే కట్టుకోని ఇంటికి కూడా కొంత మేలు జరిగేది ఇందుకే.

ప్రభుత్వం పంచే ‘మశారి’ (దోమతెర) దారంలోనే మందు ఉంటుంది. సుమారు 3 ఏళ్లు లేదా 20 ఉతుకుల దాకా పనిచేస్తుంది. కొత్త తెరను సంచిలోంచి తీయగానే కట్టేస్తే ముఖం చురచురలాడుతుంది. దానికి భయపడి మానేసేవాళ్లు చాలామంది. ఒక రోజంతా నీడలో ఆరేస్తే చాలు, ఆ మంట ఉండదు. ఉతికేటప్పుడు చన్నీళ్లు, మామూలు సబ్బు వాడాలి. బండకేసి బాదకూడదు, బ్లీచింగ్ తగలకూడదు, ఎండలో ఆరేయకూడదు. గెడ్డలో అసలు ఉతకొద్దు, ఆ మందు చేపలకు విషం. బేసిన్‌లో ఉతికి, ఆ నీళ్లు బావికి దూరంగా గుంటలో పొయ్యాలి. తెర అంచులు చాప కిందికి దోపాలి. ఒళ్లు తెరకు ఆనితే దోమ బయట నుంచే కుడుతుంది. చిరుగులు సూది దారంతో కుట్టుకోవచ్చు. అంతకన్నా పెద్ద కన్నం ఇంకొకటుంది: పోడు చేను కాపలాకు వెళ్లే మనిషి తెరను ఇంట్లో వదిలేసి, మంచె మీద ఉత్త దుప్పటితో పడుకోవడం.

గోడలకు కొట్టే మందుదీ ఇలాంటి కథే. దాని పని సుమారు 10 వారాలు. మందు కొట్టి వెళ్లిన వారానికే పండగొచ్చిందని మట్టీ పేడా కలిపి అలికేస్తే ఆ పొర కిందికి పోయిన మందు దోమ కాలికి తగలదు. అలుకుడు ముందే కానిచ్చుకోవాలి. ‘ధాన్యం గది వద్దు, దేవుడి గది వద్దు’ అని ఆపేస్తుంటారు గానీ, రక్తం తాగిన దోమ పగలు నక్కేది అలాంటి చీకటి గదుల్లోనే. సామాను బయటపెట్టో, కప్పేసో కొట్టించాలి.

పట్నాల్లో డెంగీ దోమ ఏడిస్ పగటిపూట కుడుతుంది. గాబులు, కూలర్లు, పాత టైర్లు దాని నివాసం. గుడ్లు నీటి మట్టానికి కాస్త పైన గోడకు అతుక్కుని, ఎండినా నెలల తరబడి బతుకుతాయి. కాబట్టి నీళ్లు పారబోయడంతో సరిపోదు, వారానికోసారి లోపలి గోడ పీచుతో రుద్దాలి. డెంగీ అనుమానముంటే జ్వరానికి పారాసెటమాల్ ఒక్కటే. యాస్పిరిన్, ఐబుప్రొఫెన్ రక్తస్రావాన్ని పెంచగలవు.

ఇక కాయిల్ సంగతి. తలుపులు మూసిన గదిలో ఒక కాయిల్ వదిలే సన్నటి ధూళి 75కు పైగా సిగరెట్లకు సమానమని 2003లోనే ఒక పరిశోధన కొలిచి చూపింది. చంటిబిడ్డ ఉన్న గదిలో తెరే మేలు.

జ్వరమొస్తే ఆ రోజే ఆశా దీదీ దగ్గర వేలి చుక్కతో పరీక్ష చేయించాలి. ఫలితానికి అరగంట కూడా పట్టదు. వైవాక్స్ రకం మలేరియా అయితే క్రిమి కాలేయంలో దాక్కుంటుంది కనుక ప్రైమాక్విన్ 14 రోజులు మింగాలి. మూడోరోజుకే జ్వరం తగ్గిందని ఆపేస్తే కొన్ని వారాలకో నెలలకో మళ్లీ తిరగబెడుతుంది. గర్భిణులకు, పసికందులకు ఆ మాత్ర ఇవ్వరు. మగత, ఫిట్స్, నల్లటి మూత్రం కనిపిస్తే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికే. ఒడిశాలో 2017 నుంచి ‘దమన్’ పథకం కింద మారుమూల ఊళ్లలో జ్వరం లేనివాళ్లకూ పరీక్ష చేస్తున్నారు. ‘నాకేం కాలేదు కదా’ అని ఆ శిబిరం రోజున చేనుకు వెళ్లిపోయిన మనిషి ఒంట్లోనూ క్రిమి ఉండొచ్చు. రాత్రికి గెడ్డ నుంచి వచ్చే దోమకు ఆ ఒక్కడు చాలు.