ఫ్రెష్‌మన్ బిగ్ మ్యాన్‌కి తక్కువైంది బరువు కాదు: కొన్ని అపోహలు, వాస్తవాలు

నవంబర్‌లో సీజన్ మొదలై రెండు వారాలు తిరగకముందే నాకు ఫోన్లు మొదలవుతాయి. నేను అమెరికాలో ఒక చిన్న కాలేజీ బాస్కెట్‌బాల్ టీమ్‌లో కోచ్‌ని, బిగ్స్‌ని చూసుకుంటాను. అంటే బుట్ట దగ్గర ఆడే సెంటర్లు, పవర్ ఫార్వర్డ్‌లు, పొడుగు పిల్లలంతా నా దగ్గరే. ఫోన్ చేసేవాళ్లలో మా పిల్లల తల్లిదండ్రులుంటారు, హైస్కూల్లో ఆరడుగుల ఎనిమిదంగుళాల కొడుకున్న డల్లాస్ తెలుగు నాన్న ఉంటాడు, పర్డ్యూలోనో కాన్సస్‌లోనో ఎమ్మెస్ చేసి ఆ టీమ్‌ని ఇప్పటికీ వదలకుండా ఫాలో అయ్యే మనవాళ్లూ ఉంటారు. అందరిదీ ఒకటే మాట. ఫ్రెష్‌మన్ (కాలేజీలో మొదటి ఏడాది కుర్రాడు) సెంటర్ ఆడట్లేదు, ఆడిన కాసేపూ ఫౌల్స్ చేస్తున్నాడు, ఒంట్లో కండ లేదు, ముందు బరువు పెంచండి.

పొడుగు పిల్లలకి ఈ ఒక్క మాట చేసినంత నష్టం ఇంకేదీ చేయలేదని నేను గట్టిగా నమ్ముతాను. అందుకే దీని గురించే ఎక్కువ రాస్తున్నాను, మిగతావి చివర్లో గబగబా చెప్పేస్తాను.

అపోహ: మొదటి ఏడాది బిగ్ మ్యాన్ తేలిపోయేది బక్కగా ఉండటం వల్లే, పదిహేను కిలోలు పెరిగితే అన్నీ సర్దుకుంటాయి.

వాస్తవం: తేలిపోయేది ఆలస్యం వల్ల. అరసెకను, ఒక అడుగు. అంతే తేడా.

బరువే అసలు సమస్య అయితే జాక్ ఈడీకి మొదటి రోజు నుంచీ ఎదురుండకూడదు. 2020లో పర్డ్యూకి వచ్చినప్పుడే భారీ మనిషి, ఎత్తు 7 అడుగుల 4 అంగుళాలు, ఒంటి బలంతో అతన్ని పక్కకి నెట్టగలిగినవాళ్లు కాలేజీ ఆటలో దాదాపు లేరు. అయినా మొదటి ఏడాది ఆడింది మ్యాచ్‌కి 15 నిమిషాల లోపే, 8.7 పాయింట్లు. రెండో ఏడాది కూడా 19 నిమిషాలే. ఎందుకంటే చిన్నప్పుడంతా హాకీ, బేస్‌బాల్ ఆడుకుని, బాస్కెట్‌బాల్‌కి హైస్కూల్ మధ్యలో వచ్చిన కుర్రాడు. ఆట కంటికి అలవాటు కావాలి, కాళ్లకి అలవాటు కావాలి, ఆ నిమిషాలు మోయడానికి ఊపిరి కూడా పెరగాలి. కోచ్ మ్యాట్ పెయింటర్ తొందరపడలేదు, ఈడీ వేరే కాలేజీకి పోలేదు. మూడో ఏడాది 22.3 పాయింట్లు, 12.9 రీబౌండ్లు (తప్పిన షాట్ల బంతి అందుకోవడం). 2023లోనూ 2024లోనూ దేశం మొత్తంలో ఉత్తమ ఆటగాడు అతనే.

ఇక రెండో కొస చూడండి. చెట్ హోమ్‌గ్రెన్, 2021-22లో గొంజాగా ఫ్రెష్‌మన్. 7 అడుగుల మనిషి, బరువు 88 కిలోలు. గట్టిగా భుజం తగిలితే విరిగిపోతాడని టీవీ ముందు కూర్చున్నవాళ్లంతా అన్నారు. మ్యాచ్‌కి 14.1 పాయింట్లు, 9.9 రీబౌండ్లు, 3.7 బ్లాక్‌లు (అవతలివాళ్ల షాట్‌ని గాల్లోనే ఆపడం) చేసి ఆ జూన్‌లో, ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌బీఏ టీమ్‌లు కొత్త ఆటగాళ్లని ఎంచుకునే డ్రాఫ్ట్‌లో రెండోవాడిగా వెళ్లాడు. కారణం, ఎక్కడ నిలబడాలో అక్కడ బంతి కన్నా ముందే ఉంటాడు. ఇది చెప్పగానే "మరి ఆ వేసవిలోనే పాదం పోయింది కదా" అని అడుగుతారు. సియాటిల్లో ఒక సమ్మర్ మ్యాచ్‌లో లెబ్రాన్ జేమ్స్‌ని అడ్డుకోబోయి అయిన లిస్‌ఫ్రాంక్ గాయం (పాదం మధ్యలో తగిలే దెబ్బ) అది, కండలు తిరిగినవాళ్లకి కూడా అవుతుంది. ఒక సీజన్ మొత్తం పోయిన మాట నిజమే, తిరిగొచ్చి 2025లో ఎన్‌బీఏ టీమ్ ఓక్లహోమా సిటీతో ఛాంపియన్ అయిన మాట కూడా నిజమే.

బరువున్నవాడు బెంచ్ మీద కూర్చున్నాడు, బక్కవాడు ఆడాడు. ఇంకా బరువేనంటారా?

ఆలస్యం ఎక్కడినుంచి వస్తుందో చెప్తాను. హైస్కూల్లో మనవాడు అందరికన్నా తలెత్తు పొడుగు. రిమ్ (బుట్ట) కింద నిలబడి చెయ్యెత్తితే చాలు, కాళ్లు కదపాల్సిన అవసరమే ఎప్పుడూ రాలేదు. కాలేజీకి రాగానే ఎదురుగా ఇరవై రెండు, ఇరవై మూడేళ్ల పాయింట్ గార్డ్ (బంతి నడిపించేవాడు), వాడు మ్యాచ్ అంతా ఈ పిల్లాడినే వెతికి వెతికి బాల్ స్క్రీన్‌లోకి (బంతి ఉన్నవాడికి దారి ఇవ్వడానికి తోటి ఆటగాడు అడ్డుగా నిలబడటం) లాగుతాడు. డ్రాప్ కవరేజ్‌లో, అంటే వెనక్కి జరిగి బుట్టని కాపాడే పద్ధతిలో, బిగ్ ఒకేసారి మూడు పనులు చేయాలి: స్క్రీన్ ఎటునుంచి వస్తోందో తన గార్డ్‌కి గట్టిగా అరిచి చెప్పాలి, బంతిని ఆపాలి, స్క్రీన్ పెట్టి బుట్ట వైపు రోల్ అవుతున్నవాడిని వదలకూడదు. వెనక నిలబడి కోర్ట్ మొత్తం చూసేది బిగ్ ఒక్కడే కాబట్టి డిఫెన్స్‌కి నోరు కూడా అతనే. పద్దెనిమిదేళ్ల పిల్లాడు, కొత్త ఊరు, కొత్త క్లాసులు, తనకన్నా నాలుగేళ్లు పెద్దవాళ్ల మీద అరవాలంటే గొంతు పెగలదు. మొదటి ఏడాది నేను ఎక్కువగా పనిచేసేది ఈ గొంతు మీదే.

మొన్న మా ఫ్రెష్‌మన్‌తో కూర్చుని ఒక్క ప్లేని ముందుకీ వెనక్కీ తిప్పి చూశాం. అవతలి గార్డ్ కుడివైపు నుంచి స్క్రీన్ వాడుకుని దూసుకొచ్చాడు, మావాడికి ఫౌల్ పడింది, ఆ మ్యాచ్‌లో రెండోది. "వాడు నన్ను నెట్టేశాడు కోచ్, నాకు బలం చాలట్లేదు" అన్నాడు. భుజం తగలడానికి ముందు ఫ్రేమ్ దగ్గర ఆపాను. మడమలు నేలకి అతుక్కుని ఉన్నాయి, మోకాళ్లు నిటారుగా ఉన్నాయి, నోరు మూసుకుని ఉంది. తర్వాతి ఫ్రేమ్‌లో గార్డ్ భుజం అప్పటికే మావాడి తుంటి దాటేసింది, మావాడి ఎడమ చెయ్యి కిందకి దిగుతోంది. దాని తర్వాతే తగిలింది. అంటే ఆ తాకిడికి ముందే పని అయిపోయింది, ఆ స్థితిలో ఒంటిమీద ఇంకో పది కిలోలు ఉంటే వెనక్కి జరగడం ఇంకా ఆలస్యమయ్యేది. పిల్లాడు చాలాసేపు స్క్రీన్ వంకే చూసి, "అయితే నేను ముందే వంగి ఉండాలి" అన్నాడు. మర్నాటి నుంచి రెండు చేతుల్లో రెండు టెన్నిస్ బంతులు పట్టుకుని పక్కకి స్లైడ్‌లు చేస్తున్నాడు. చేతులు ఖాళీగా లేకపోతే పట్టుకోవడానికి, లాగడానికి వీలుండదు, కాళ్లే పనిచేయాలి. చేతులు నిటారుగా పైకెత్తి ఉన్నచోటే పైకి ఎగిరితే తాకిడి తగిలినా ఫౌల్ కాదు. రూల్ బిగ్ వైపే ఉంది, కానీ దాన్ని వాడుకోవాలంటే ముందే అక్కడ ఉండాలి.

నిమిషాలు ఎందుకు తగ్గుతాయో కూడా ఇక్కడే తెలుస్తుంది. కాలేజీలో 40 నిమిషాల ఆటకి 5 ఫౌల్స్, ఎన్‌బీఏలో 48 నిమిషాలకి 6. మొదటి హాఫ్‌లో రెండు పడ్డాయంటే చాలామంది కోచ్‌లు హాఫ్‌టైమ్ దాకా కూర్చోబెట్టేస్తారు. కోచ్‌కి ఆ పిల్లాడి మీద కోపం కాదు, రెండో హాఫ్‌కి దాచుకుంటున్నాడు.

ఇప్పుడు ఆ డల్లాస్ నాన్న సంగతి. "అన్నా, మావాడికి అన్నీ ఉన్నాయి, ఒళ్లే లేదు" అని మొదలుపెట్టాడు. పొద్దున మాస్ గెయినర్ (బరువు పెంచే పొడి), మధ్యాహ్నం మాస్ గెయినర్, రాత్రి అమ్మ అన్నంలో నెయ్యి కుమ్మరించి పెడుతోంది, పిల్లాడు ఆకలి లేకపోయినా తింటున్నాడు. ఒక్క వేసవిలో బాగా బరువెక్కాడు. ఫలితంగా వాడికి ఉన్న ఒకే ఒక్క గొప్ప గుణం, ఆ పొడుగుకి అరుదైన చురుకైన మొదటి అడుగు, పోయింది. మోకాలి చిప్ప కింద నొప్పి మొదలైంది, కోచ్‌లు చూడటానికొచ్చే క్యాంప్‌లో సగం రోజులు ఐస్ పెట్టుకుని పక్కన కూర్చున్నాడు. ఆ తల్లిదండ్రుల్ని నేనేమీ అనలేను. ఇద్దరిలో ఎవరూ ఎప్పుడూ ఆట ఆడినవాళ్లు కారు, ఇంటర్నెట్‌లో ఎవడో చెప్పింది నమ్మారు, పిల్లాడి కోసం చేశారు. నాకు కోపం ఆ డబ్బా అంటగట్టినవాడి మీద, "సైజ్ పెంచు, చూద్దాం" అని ఒక్క ముక్క అనేసి చేతులు దులుపుకునే కోచ్‌ల మీద.

బలం వద్దని నేననట్లేదు. బలం కావాలి, తుంటికి, పిక్కలకి, పాదాలకి ముందు కావాలి, అది రెండు మూడేళ్లలో, కదలిక తగ్గకుండా, కిలో కిలోగా రావాలి. బరువెక్కినా పరుగు, పక్కకి స్లైడ్ ఎప్పటిలాగే ఉన్నాయా లేదా అని వారం వారం చూసుకోవాలి. తగ్గాయా, అక్కడ ఆగాలి. ఫ్రాంక్ కామిన్‌స్కీ విస్కాన్సిన్‌లో ఫ్రెష్‌మన్‌గా 1.8 పాయింట్లు చేశాడు, రెండో ఏడాది 4.2, మూడో ఏడాది 13.9, నాలుగో ఏడాది 18.8 చేసి 2015లో దేశంలోనే ఉత్తమ ఆటగాడయ్యాడు. అది ఒక్క వేసవిలో తాగిన పొడి వల్ల వచ్చేది కాదు.

అపోహ: ఎదిగే వయసు కదా, నొప్పులు మామూలే, ఆడితే అవే పోతాయి.

పోవు. దయచేసి ఇది మాత్రం వినండి. డాక్టర్లు ఎదుగుదల నొప్పులనేవి చిన్నపిల్లలకి, ఎక్కువగా మూడేళ్ల నుంచి పన్నెండేళ్ల లోపు, రాత్రిపూట రెండు కాళ్లలో వచ్చి పొద్దుటికి పోయేవి. పద్దెనిమిదేళ్ల సెంటర్‌కి పాదం పైభాగంలో ఒకేచోట నొక్కితే నొప్పి వస్తోందంటే అది నావిక్యులర్ ఎముకలో చీలిక కావచ్చు, దానికి రక్తప్రసరణ తక్కువ, మానడం కష్టం. మామూలు ఎక్స్-రేలో చాలాసార్లు కనపడదు, ఎమ్మారై అడగండి. వెనక్కి వంగినప్పుడు నడుం కింద నొప్పి వస్తే అదీ వదలొద్దు. జోయెల్ ఎంబీడ్ 2013-14లో కాన్సస్ ఫ్రెష్‌మన్. నడుములో స్ట్రెస్ ఫ్రాక్చర్‌తో మార్చిలో ఎన్‌సీఏఏ (కాలేజీల జాతీయ) టోర్నమెంట్‌కే దూరమయ్యాడు, డ్రాఫ్ట్‌కి ముందు జూన్‌లో నావిక్యులర్ ఎముక విరిగింది. మూడోవాడిగా ఎంపికయ్యాక కూడా మొదటి ఎన్‌బీఏ మ్యాచ్ ఆడింది 2016 అక్టోబర్‌లో. ఇది బరువు వల్ల అయిందనో అశ్రద్ధ వల్ల అయిందనో నేను అనను, పెద్ద ఒంటిని మోసే ఎముకలు ఎంత జాగ్రత్త అడుగుతాయో చెప్పడానికే అతని పేరు ఎత్తాను. మా దగ్గర పిల్లలు నొప్పి చెప్పడానికి భయపడతారు, చెప్తే నిమిషాలు పోతాయని. ఇంట్లోవాళ్లు అడిగితే మాత్రం చెప్తారు. అడగండి.

అపోహ: బెంచ్ మీద కూర్చున్నాడంటే కోచ్‌కి ఇష్టం లేదు, వెంటనే ట్రాన్స్‌ఫర్ పోర్టల్‌లోకి (కాలేజీ మారాలనుకునే ఆటగాళ్ల జాబితా) వెళ్లాలి.

2021 నుంచి ఒకసారి, 2024 నుంచి ఎన్నిసార్లయినా ఏడాది ఖాళీగా కూర్చోకుండా కాలేజీ మారొచ్చు కాబట్టి ఈ టెన్షన్ ఇప్పుడు ఇంకా ఎక్కువైంది. కొత్త చోటికి వెళ్తే కొత్త కవరేజ్‌లు, కొత్త పిలుపులు, కొత్త గార్డ్‌లు, అంటే ఏ ఆలస్యాన్ని ఏడాదంతా తగ్గించుకున్నాడో అది మళ్లీ మొదటికొస్తుంది. డొనోవన్ క్లింగన్ యూకాన్‌లో (కనెక్టికట్ యూనివర్సిటీ) మొదటి ఏడాది అడామా సనోగో వెనక మ్యాచ్‌కి 13 నిమిషాలు ఆడాడు. ఆగాడు. 2023లో ఎన్‌సీఏఏ టైటిల్, మరుసటి ఏడాది తనే స్టార్టర్‌గా ఇంకో టైటిల్, 2024 డ్రాఫ్ట్‌లో ఏడోవాడు. వెళ్లాల్సిన సందర్భాలూ ఉంటాయి. ప్రాక్టీస్ తర్వాత ఆ పిల్లాడితో విడిగా పనిచేసేవాళ్లు ఒక్కరూ లేకపోతే, వీడియో కూర్చోబెట్టి చూపించేవాళ్లు లేకపోతే, వెళ్లమని నేనే చెప్తాను.

అపోహ: పాయింట్లు లేకపోతే వేస్ట్.

2012 ఎన్‌సీఏఏ ఫైనల్లో కెంటకీ ఫ్రెష్‌మన్ ఆంథనీ డేవిస్ 10 షాట్లు వేస్తే ఒక్కటే పడింది. 16 రీబౌండ్లు, 6 బ్లాక్‌లు, టీమ్ గెలిచింది, ఫైనల్ ఫోర్‌లో (చివరి నాలుగు టీమ్‌ల దశ) ఉత్తమ ఆటగాడిగా అతన్నే ఎంచుకున్నారు. డెరిక్ లైవ్లీ డ్యూక్‌లో 5.2 పాయింట్లే చేశాడు, 2023 డ్రాఫ్ట్‌లో పన్నెండోవాడిగా వెళ్లి మొదటి ఏడాదే డల్లాస్‌తో ఎన్‌బీఏ ఫైనల్స్ ఆడాడు. హైస్కూల్ ర్యాంకింగ్‌లు కూడా అంతే. దేశంలో మొదటి ఒకరిద్దరిలో ఒకడని కెంటకీకి వచ్చిన స్కాల్ లాబిసియేర్ 2015-16లో చేసింది 6.6 పాయింట్లు, ఎంపికైంది 28వ వాడిగా. ఆ ర్యాంకులు ఇచ్చేవాళ్లు అతని చుట్టూ పేర్చిన ఆశలు మోయడం ఏ పద్దెనిమిదేళ్ల పిల్లాడి వల్లా కాదు.

ఇంకొకటి, ఇది హైదరాబాద్ నుంచీ విజయవాడ నుంచీ నాకు తరచూ వచ్చే ప్రశ్న: బాస్కెట్‌బాల్ ఆడితే పొడుగవుతారా? అవ్వరు. ఎత్తు చాలావరకు అమ్మానాన్నల నుంచి వస్తుంది, కొంత తిండి నుంచి, ఆరోగ్యం నుంచి వస్తుంది. పొడుగువాళ్లని ఆట ఏరుకుంటుంది కాబట్టి ఆట వల్లే పొడుగయ్యారని అనిపిస్తుంది. మీ అమ్మాయో అబ్బాయో ఐదడుగుల దగ్గరే ఆగిపోతారని దిగులుపడి మాన్పించకండి. స్క్రీన్ ఎటునుంచి వస్తోందో నా బిగ్ అరిచి చెప్తే విని కదిలే గార్డ్‌లు కూడా కావాలి.