నెలసరి ఆగే వయసులో ఎముకల జమాఖర్చు

తడి నేల మీద కాలు జారుతుంది. చేయి ఆనించబోతే మణికట్టు విరుగుతుంది. ఎక్స్‌రే తీస్తారు, ఎముక సరిచేసి కట్టు వేస్తారు, కొన్ని వారాలకు విప్పేస్తారు. పడ్డారు కాబట్టి విరిగిందని ఇంట్లోవాళ్లూ, ఒక్కోసారి డాక్టరూ అక్కడితో వదిలేస్తారు. కానీ నిలబడ్డ ఎత్తు నుంచి పడినంత మాత్రాన గట్టి ఎముక సాధారణంగా విరగదు. యాభై దాటిన స్త్రీకి ఇలా విరిగిందంటే ఎముకలు గుల్లబారుతున్నాయేమోనని చూడాల్సిందే. ఒకసారి ఇలా విరిగినవాళ్లకు మరోచోట విరిగే అవకాశం దాదాపు రెట్టింపు.

ఎముక పైకి రాయిలా కనిపించినా లోపల పని ఆగదు. పెద్దవాళ్లలో ఏటా సుమారు పదో వంతు ఎముక పాతది పోయి కొత్తది వస్తుంది. ఆస్టియోక్లాస్ట్‌లనే కణాలు ఎముక ఉపరితలాన్ని గట్టిగా కరుచుకుని, తమ కింద ఆమ్లాన్ని వదిలి ఖనిజాన్ని కరిగిస్తాయి, మిగిలిన కొల్లాజెన్ అనే ప్రొటీన్‌ను ఎంజైములతో అరిగించేస్తాయి. రెండు మూడు వారాల్లో అక్కడ చిన్న గుంట పడుతుంది. ఆ తర్వాత ఆస్టియోబ్లాస్ట్‌లు వచ్చి దాన్ని కొత్త ఎముకతో పూడుస్తాయి. దానికి మాత్రం మూడు నాలుగు నెలలు పడుతుంది. ఖర్చు చకచకా అయిపోతుంది, జమ నింపాదిగా పడుతుంది. తవ్వే కణాల జోరును అదుపులో పెట్టేది ఈస్ట్రోజెన్ అనే స్త్రీ హార్మోన్. నెలసరి ఆగే వయసులో అది తగ్గగానే ఒకేసారి ఎక్కువ చోట్ల గుంటలు పడతాయి, పడిన ప్రతి గుంటా కాస్త వెలితిగానే పూడుతుంది. నెలసరి ఆగడానికీ ఎముక తరుగుదలకూ ఉన్న ఈ సంబంధాన్ని 1940ల ఆరంభంలోనే ఫుల్లర్ ఆల్‌బ్రైట్ అనే అమెరికన్ వైద్యుడు గుర్తించాడు.

ముందు దెబ్బతినేది వెన్నుపూసలు. వాటి లోపల సన్నటి పుల్లలు అల్లుకున్నట్టు స్పాంజిలాంటి ఎముక ఉంటుంది, తవ్వే కణాలకు దొరికే ఉపరితలం అక్కడే ఎక్కువ. పుల్ల సన్నబడితే మళ్లీ లావు చేయొచ్చు. పూర్తిగా తెగిపోతే మాత్రం కొత్త ఎముక కట్టడానికి అక్కడ ఆధారమే ఉండదు. అందుకే ఈ వయసులో కాలయాపన పనికిరాదని నా గట్టి అభిప్రాయం. మధ్యవయసు స్త్రీలను ఏళ్ల తరబడి గమనించిన 'స్వాన్' అనే అమెరికా అధ్యయనంలో, తరుగుదల చివరి నెలసరికి సుమారు ఏడాది ముందే జోరందుకుని, ఆగిన రెండేళ్ల దాకా అలాగే సాగి, తర్వాత కొంత నెమ్మదించింది. పదేళ్లలో నడుం దగ్గరి వెన్నెముక సాంద్రత సుమారు 10 శాతం తగ్గింది.

ఇందులో నొప్పి లేదు. వెన్నుపూస నలిగినా మూడింట రెండు వంతుల సందర్భాల్లో ఎవరికీ తెలియకుండానే గడిచిపోతుంది. మహా అయితే 'నడుం పట్టేసింది' అనుకుంటారు. యవ్వనంలో ఉన్న ఎత్తు కంటే నాలుగు సెంటీమీటర్లు తగ్గారంటే వెన్ను ఎక్స్‌రే తీయించుకోవడం మంచిది.

ఇక కాల్షియం. రక్తంలో దాని మోతాదు కాస్త తగ్గినా పారాథైరాయిడ్ హార్మోన్ ఎముకల్లోంచి లాగి సరిపెడుతుంది. కాబట్టి 'రక్తపరీక్షలో కాల్షియం నార్మల్‌గానే ఉంది' అనే మాటతో ఎముకలు గట్టిగా ఉన్నాయని తేల్చుకోకూడదు. యాభై దాటిన స్త్రీకి తిండీ మాత్రలూ కలిపి రోజుకు 1200 మిల్లీగ్రాములు చాలు. అంతకు మించి మాత్రలు మింగితే ఎముకకు ఒరిగేదేమీ లేదు, కిడ్నీలో రాళ్ల టెన్షన్ తప్ప. విటమిన్ డి లోపం ఉన్నవాళ్లు దాన్ని తప్పక సరిచేసుకోవాలి. లోపం లేనివాళ్ల సంగతి వేరు: సుమారు 26 వేల మందితో అమెరికాలో జరిగిన 'వైటల్' పరిశోధనలో రోజుకు 2000 యూనిట్లు ఇచ్చినా ఎముకలు విరగడం తగ్గలేదని 2022లో తేలింది. ముడిసరుకు ఎంత పోసినా తవ్వేవాళ్ల జోరు తగ్గదు.

సాంద్రతను కొలిచేది డెక్సా స్కాన్. తుంటినీ నడుమునీ చూస్తారు, పది నిమిషాల పని, రేడియేషన్ అతి స్వల్పం. రిపోర్టులో 'టి స్కోరు' ఉంటుంది. ఆరోగ్యంగా ఉన్న యువతుల సగటుతో మీ ఎముకను పోల్చి ఇచ్చే అంకె అది. మైనస్ 1, అంతకు పైన ఉంటే మామూలు. మైనస్ 2.5, అంతకు దిగువైతే ఆస్టియోపొరోసిస్, అంటే ఎముకలు గుల్లబారిన జబ్బు. మధ్యలో ఉన్నదాన్ని ఆస్టియోపీనియా అంటారు. ఈ గీతలు గీసింది 1994లో ప్రపంచ ఆరోగ్య సంస్థ. చిత్రమేమిటంటే, విరిగిన ఎముకల మొత్తం లెక్క తీస్తే చాలా భాగం ఆ మధ్య గుంపులోనే ఉంటాయి, ఆ గుంపే పెద్దది కాబట్టి. అందుకే అంకెతో పాటు వయసు, పాత ఫ్రాక్చర్లు, అమ్మకో నాన్నకో తుంటి విరిగిన చరిత్ర, పొగతాగడం, స్టెరాయిడ్ల వాడకం అన్నీ కలిపి రాబోయే పదేళ్ల ముప్పును లెక్కగట్టే 'ఫ్రాక్స్' వచ్చింది. బ్రిటన్‌లోని షెఫీల్డ్ విశ్వవిద్యాలయంలో తయారై 2008లో వెలువడిన ఈ సాధనం ఆన్‌లైన్‌లో ఉచితం. 65 దాటిన స్త్రీలందరికీ స్కాన్ అవసరం. నెలసరి ఆగి, ఇలాంటి ముప్పులేవైనా ఉంటే అంతకు ముందే చేయించుకోవాలి.

వ్యాయామం దగ్గర మన సలహాలు మరీ మెతక. నడక గుండెకు మంచిదే, కానీ ఎముక సాంద్రతను పెద్దగా పెంచదు. ఎముక స్పందించేది బరువుకూ అదురుకూ. ఆస్ట్రేలియాలో 'లిఫ్ట్‌మోర్' అనే ప్రయోగంలో, ఎముకలు పలచబడిన స్త్రీల చేత వారానికి రెండుసార్లు, అరగంట చొప్పున, శిక్షకుల ఎదుట భారీ బరువులు ఎత్తించారు, గెంతించారు. ఎనిమిది నెలలకు వాళ్ల నడుం దగ్గరి సాంద్రత సుమారు 3 శాతం పెరిగింది, ఇంట్లో తేలికపాటి వ్యాయామం చేసినవాళ్లకు ఒక శాతం పైగా తగ్గింది. అయితే సొంతంగా మొదలుపెట్టొద్దు. వెన్నుపూస ఇప్పటికే నలిగి ఉంటే ముందుకు వంగి బరువెత్తడం ప్రమాదం.

మందులంటే జనానికి ఉన్న భయం, చాలాసార్లు, జబ్బు మీద ఉండాల్సిన భయాన్ని మించిపోతుంది. దవడ ఎముక చచ్చుబడటం, తొడ ఎముక వింతగా విరగడం నిజమే, కానీ అరుదు. ముప్పు ఎక్కువున్నవాళ్లలో మందు ఆపగలిగే ఫ్రాక్చర్లు వాటి కంటే ఎన్నో రెట్లు. అలెండ్రోనేట్ లాంటివి తవ్వే కణాలను నెమ్మదింపజేస్తాయి. దీన్ని పరగడుపున, గ్లాసు నిండా మంచినీళ్లతో మింగి, అరగంట పాటు ఏమీ తినకుండా, నడుం వాల్చకుండా ఉండాలి. లేదంటే మందు ఒంటికి పట్టదు, అన్నవాహిక పుండవుతుంది. ఏడాదికోసారి సెలైన్‌తో ఎక్కించే జోలెడ్రోనిక్ యాసిడ్‌తో ఈ తంటా లేదు. నెలసరి ఆగిన తొలి ఏళ్లలో వేడి ఆవిర్లు కూడా బాధిస్తుంటే హార్మోన్ చికిత్స రెండింటికీ పనిచేస్తుంది, రొమ్ము క్యాన్సర్, రక్తం గడ్డకట్టే సమస్యల్లాంటివి లేవని డాక్టర్ నిర్ధారించుకున్నాక.

ఆర్నెల్లకోసారి ఇచ్చే డెనోసుమాబ్ ఇంజెక్షన్ విషయంలో మాత్రం గట్టిగా చెప్పాలి. అలెండ్రోనేట్ లాంటి మందుల్లా ఇది ఎముకలో నిలవ ఉండదు. 'స్కోరు బాగుంది కదా' అని ఒక డోసు ఎగ్గొడితే, అన్నాళ్లూ అణిగి ఉన్న తవ్వే కణాలు ఒక్కసారిగా విజృంభిస్తాయి, కొందరికి ఒకటి కాదు, వరసగా నాలుగైదు వెన్నుపూసలు నలిగిపోయాయి కూడా. ఆపాలనుకుంటే వెంటనే మరో మందుతో దాని చోటు నింపాలి. మొదటి ఇంజెక్షన్ తీసుకునే రోజే ఆ సంగతి డాక్టర్‌ని అడిగి, తర్వాతి తేదీ రాయించుకోండి.