ప్రేమకథల్లో జుట్టు: అపోహలు - వాస్తవాలు

నల్లగొండలో ఉండి ప్రేమకథలు రాస్తుంటాను. కొత్తగా రాసేవాళ్లు పంపే కథలూ చదువుతుంటాను. వాటిలో హీరోయిన్ ఎలా మాట్లాడుతుందో తెలియకముందే ఆమె జడ ఎంత పొడుగో తెలిసిపోతుంది.

అపోహ: నడుము దాటిన నల్లటి జడ ఉంటే చాలు, హీరోయిన్ పాఠకుల మనసులో నిలిచిపోతుంది.

వాస్తవం: పొడవు చెబితే మనిషి తెలియదు. ఆ జుట్టుకు నూనె ఎవరు రాస్తారు, చిక్కు ఎవరు తీస్తారు, కుంకుడుకాయలు నానబెట్టే తీరిక ఎవరికుంది, అది చెప్పండి. పొద్దున్నే పత్తి ఏరడానికి పోయే అమ్మాయి జుట్టు ముడేసి, మీద తువ్వాల కట్టుకుంటుంది. రోజూ అమ్మతో జడ వేయించుకునే పిల్ల వేరు, అమ్మ లేక చెల్లెలికి తనే జడ వేసే పిల్ల వేరు.

ఇంకో సంగతి, లెక్క. తలవెంట్రుకలు నెలకు సుమారు అర అంగుళం పెరుగుతాయి. ఒక కథ మూడో భాగంలో యాదగిరిగుట్టలో తలనీలాలిచ్చిన అమ్మాయి, ఆరు నెలలకు వచ్చిన బతుకమ్మ పండుగలో జడ నిండా పూలతో కనిపిస్తుంది! అప్పటికి ఉండేది మూడు అంగుళాలు. సవరం పెట్టిద్దామన్నా అది నిలవడానికి జుట్టుండాలి కదా.

అపోహ: ఎగిరే కురులు హీరో మొహానికి తగిలితేనే రొమాన్స్.

వాస్తవం: నూనె పెట్టి బిగించి అల్లిన జడ ఎగరదు. మే నెలలో దేవరకొండ బస్సులో కిటికీ పక్కన కూర్చున్నామె తలకూ మొహానికీ చున్నీ చుట్టుకునే ఉంటుంది. పోనీ, పొద్దుగూకాక చున్నీ తీసింది, కునుకు పట్టి తల అతని భుజం మీద వాల్చింది అనుకుందాం. తెల్లచొక్కాకు కొబ్బరినూనె మరక అంటింది. ఉతికేటప్పుడు వాళ్లమ్మ అడిగితే ఏం చెబుతాడు? నాకైతే పేజీల వర్ణన కన్నా ఆ మరకే నయం.

అపోహ: రింగుల జుట్టంటే మొండిపిల్ల, బాబ్ కట్ అంటే పొగరు.

వాస్తవం: రింగులు పుట్టుకతో వస్తాయి. బాబ్ కట్ చాలాసార్లు టైం లేక చేయించుకున్నదే.

అపోహ: హీరో జుట్టుతో పనేముంది?

వాస్తవం: పుణె పనికి పోయినవాడు పాలమూరు బస్టాండులో గుండుతో దిగాడు. "తిరుపతికి పోయొచ్చినవా?" అని ఆమె నవ్వుతూ అడిగింది. తండ్రి పోయినా గుండే చేయించుకుంటారని ఆమెకు తట్టలేదు. అతను జవాబు చెప్పడానికి పట్టే ఆ కాస్త సమయంలో, ఇద్దరి మధ్య ఎన్నాళ్లుగా ఫోన్లు లేవో పాఠకులకు తెలిసిపోతుంది.

అపోహ: దుఃఖంతో రాత్రికి రాత్రే జుట్టు నెరిసిపోతుంది.

వాస్తవం: నల్లగా పెరిగిన వెంట్రుక ఒక్క రాత్రిలో తెల్లబడదు. తెలుపు కుదుళ్ల నుంచి మెల్లగా వస్తుంది. నలభై దాటినవాళ్ల ప్రేమ రాస్తుంటే ఇది బాగా పనికొస్తుంది. పాపిట దగ్గర అంగుళం తెలుపు కనిపిస్తే రంగు వేసి రెండు నెలలైందని లెక్క. అతను ఊరు విడిచీ రెండు నెలలే అయితే విరహం అన్న మాటే రాయక్కర్లేదు. అతను వస్తున్నాడని తెలిశాక ఆమె రంగు ప్యాకెట్ కొంటుందా, అలాగే ఎదురుపడుతుందా అన్నది మాత్రం రాసే ముందే తేల్చుకోండి.