కమౌ బ్రాత్‌వైట్ గురించి క్లాసులో వినే అపోహలు - వాస్తవాలు

ఎంఏ ఇంగ్లీషు పిల్లలకి కరీబియన్ సాహిత్యం చెప్తుంటాను. బార్బడోస్ కవి, చరిత్రకారుడు బ్రాత్‌వైట్ పాఠం వచ్చేసరికి గైడు పుస్తకాల్లోని మాటలే జవాబు పత్రాల్లోకీ వచ్చేస్తుంటాయి.

అపోహ: కరీబియన్ కవి అంటే డెరెక్ వాల్కాట్ ఒక్కరే.

1992లో వాల్కాట్‌కి నోబెల్ వచ్చింది, మన సిలబస్ కూడా అక్కడే ఆగిపోయింది. బ్రాత్‌వైట్ పుట్టిందీ వాల్కాట్ పుట్టిన 1930లోనే, కాకపోతే బార్బడోస్‌లో. 1994లో న్యూస్టాట్ అనే అంతర్జాతీయ సాహిత్య ప్రైజ్, 2006లో కెనడా వాళ్ళ గ్రిఫిన్ కవిత్వ ప్రైజ్ అందుకున్నారు.

అపోహ: ఆయన కవి, చరిత్ర పాఠాలు చెప్పడం పొట్టకూటి కోసం.

ఇది మాత్రం నాకు చిరాకు తెప్పిస్తుంది. కేంబ్రిడ్జిలో చదివిందే చరిత్ర. తర్వాత 1955 నుంచి 1962 దాకా ఘనాలో విద్యాశాఖలో పనిచేశారు, ఆ దేశానికి స్వాతంత్ర్యం వచ్చినప్పుడు అక్కడే ఉన్నారు. ఆపైన జమైకాలో వెస్టిండీస్ యూనివర్సిటీ మోనా క్యాంపస్‌లో చరిత్ర చెప్తూ, ససెక్స్ యూనివర్సిటీ నుంచి 1968లో పీహెచ్‌డీ తీసుకున్నారు. 1770-1820 మధ్య జమైకాలో యజమానులూ బానిసలూ ఒకరినొకరు మార్చుకుంటూ ఒక కొత్త క్రియోల్ (మిశ్రమ) సమాజం ఎలా తయారైందన్నది ఆ పరిశోధన. సరిగ్గా ఆ రోజుల్లోనే, 1967, 68, 69లో వరసగా మూడు కవితా సంపుటాలు వచ్చాయి, తర్వాత అవే కలిసి ‘ది అరైవెంట్స్’ అనే ఒకే పుస్తకం అయ్యాయి. బానిస ఓడల్లో వచ్చినవాళ్ళ వారసులు ఆఫ్రికాని వెతుక్కోవడం, మళ్ళీ దీవులకి రావడం, ఇదే వాటి దారి. థీసిస్‌ని పక్కన పెట్టి ఈ కవిత్వం చదివితే సగమే అర్థమవుతుంది.

అపోహ: ‘నేషన్ లాంగ్వేజ్’ అంటే బ్రోకెన్ ఇంగ్లీషు.

కాదండీ! కరీబియన్ జనం మాట్లాడే ఇంగ్లీషుకి బ్రాత్‌వైట్ పెట్టిన పేరది. అక్కడి జనం మాటలో ఆఫ్రికన్ భాషల లయ, నడక ఉన్నాయని ఆయన వాదన, అది తప్పుల ఇంగ్లీషు కాదు. హరికేన్ పెంటామీటర్‌లో (ఇంగ్లీషు కవిత్వంలో వాడే ఐదు ఊనికల ఛందస్సు) గర్జించదన్న ఆయన మాట అందుకే అంత పాపులర్. అలాగని ఇంగ్లండ్ మీద కోపంతో అన్నీ వదిలేశారనుకోకండి. కవి టి.ఎస్. ఎలియట్ రికార్డింగులు, రేడియోలో జాన్ ఆర్లట్ హాంప్‌షైర్ యాసలో చెప్పే క్రికెట్ కామెంటరీ తమ తరానికి దారి చూపాయని ఆయనే రాశారు (క్రికెట్ మీద ఆయన కవిత కూడా ఉంది, నేనైతే పాఠం దానితోనే మొదలెడతాను).

అపోహ: చివరి పుస్తకాల్లో అక్షరాలు పెద్దవీ చిన్నవీ, వంకరటింకరగా ఉండటం గిమ్మిక్కు.

1986లో భార్య పోయారు. 1988లో గిల్బర్ట్ హరికేన్ ఇంటినీ, ఏళ్ళ తరబడి దాచుకున్న కాగితాలనీ దెబ్బతీసింది. 1990లో కింగ్‌స్టన్‌లో దొంగలు ఇంట్లోకి చొరబడి ఆయనకి తుపాకీ గురిపెట్టారు. ఆ తర్వాత కంప్యూటర్ మీద తయారైన శైలి అది, పేరు ‘సికోరాక్స్’. గొంతు ఎక్కడ పెరుగుతుందో, ఎక్కడ తెగుతుందో పేజీ మీదే కనిపిస్తుంది. అన్ని పుస్తకాల్లోనూ ఒకేలా పనిచేసిందని మాత్రం నేననను, కొన్నిచోట్ల కళ్ళు నొప్పెడతాయి.

అపోహ: కమౌ పుట్టినప్పుడు పెట్టిన పేరు.

అసలు పేరు లాసన్ ఎడ్వర్డ్. 1971లో కెన్యా వెళ్ళినప్పుడు అక్కడి రచయిత న్గూగీ వా థియాంగో ఇంటి అవ్వ పెట్టిన పేరు కమౌ. పాత పుస్తకాల మీద ఎడ్వర్డ్ అనే ఉంటుంది, లైబ్రరీలో రెండు పేర్లతోనూ వెతకండి.