కింద షాపు, పైన హోటలు, ఆ పైన ఆఫీసు: లెట్రిన్ల లెక్కలో అపోహలు - వాస్తవాలు

బరంపురం మెయిన్ రోడ్ల మీద ఇప్పుడు లేస్తున్న బిల్డింగులు చాలావరకు ఒకేలా ఉంటాయి. కింద చీరల షాపు, ఒకటో అంతస్తులో హోటలు, రెండులో ఆఫీసు, ఆ పైన ఓనరు ఇల్లు. వీటికి ప్లంబింగ్ డ్రాయింగులు గీయడం నా పని. ఇక్కడైనా, పర్లాకిమిడిలోనైనా, రాయగడలోనైనా అవే మాటలు వినిపిస్తుంటాయి కాబట్టి రాస్తున్నాను.

అపోహ: మొత్తం జనాన్ని పాతికతో భాగిస్తే లెట్రిన్ల లెక్క వచ్చేస్తుంది.

ఆ పాతిక ఆఫీసులో మగవాళ్ళ అంకె. నేషనల్ బిల్డింగ్ కోడ్‌లో ప్లంబింగ్‌ది తొమ్మిదో భాగం. అందులో ఒక్కో వాడకానికి ఒక్కో పట్టిక ఉంటుంది. ఆఫీసుకైతే మగవాళ్ళు 25 మందికి ఒకటి, ఆడవాళ్ళు 15 మందికి ఒకటి. యూరినల్స్ ఆ లెక్కలో కలవవు, వాటికి వేరే వరుస ఉంది.

300 చదరపు మీటర్ల ఆఫీసు తీసుకోండి. ఎంతమంది పనిచేస్తారో ఓనరు చెప్పలేకపోతే, అగ్ని భద్రత గురించిన నాలుగో భాగంలో ఉన్న 10 చదరపు మీటర్లకు ఒకరు అనే కొలత పట్టుకుంటాను. అది మెట్లు, దారుల కోసం పెట్టిన కొలతే గానీ మొదలుపెట్టడానికి పనికొస్తుంది. 30 మంది వస్తారు. సగం సగం అనుకుంటే ఆడవాళ్ళు 15, వాళ్ళకి ఒకటి చాలు. అదే ఆఫీసులో 18 మంది ఆడవాళ్ళుంటే రెండు కావాలి. జనం మారలేదు, ఆడా మగా నిష్పత్తి మారిందంతే. అందుకే ఓనరుతో మాట్లాడేటప్పుడు ఎన్ని గదులు అని అడిగే ముందు ఆడవాళ్ళెంతమంది అని అడుగుతాను.

అపోహ: మగవాళ్ళే ఎక్కువ ఉంటారు, వాళ్ళవైపు ఎక్కువ పెడితే సరి.

ఈ అలవాటు కాగితాల్లోంచే వచ్చింది. నీళ్ళు, డ్రైనేజీ, టాయిలెట్ల గురించిన భారతీయ ప్రమాణం ఐఎస్ 1172 లో సినిమా హాళ్ళ పట్టిక దగ్గర మూడింట రెండు వంతులు మగవాళ్ళు అనుకోవచ్చని రాసుంది. దాన్ని తీసుకొచ్చి చీరల షాపుకి అంటిస్తే ఎలా? పట్టుచీరల షాపుకి వచ్చేది ఎవరు, లోపల మడతలు విప్పి చూపించేది ఎవరు?

ఒక షాపుకి లీకేజీ చూడ్డానికి వెళ్ళాను, పెళ్ళిళ్ళ సీజన్. సేల్స్‌లో పదహారు మంది అమ్మాయిలు, వాళ్ళకి మెట్ల కింద ఒక్కటే లెట్రిన్. తలుపు సగం వరకు అట్టపెట్టెలు. లోపల గడియ లేదు, మేకుకి చుట్టిన నైలాన్ తాడు ఉంది. ఫ్లోర్ ట్రాప్, అంటే నేల మీద నీళ్ళు పోయే జాలీ కింద ఉండే వంపు, ఎండిపోయింది, దాన్లో 50 మిల్లీమీటర్ల నీళ్ళు నిలబడితేనే పైపులోని వాసన పైకి రాదు. కౌంటరు కింద వరుసగా నీళ్ళ సీసాలు, సీలు కూడా తియ్యలేదు. ఎందుకమ్మా అంటే, "పొద్దున్న ఇంట్లో వెళ్ళి వస్తామన్నయ్యా, మళ్ళీ రాత్రి ఇంటికెళ్ళాకే. అందుకని తాగం" అంది ఒకమ్మాయి. ఆ రోజు నుంచి నా డ్రాయింగులో మొదట గీసేది ఆడవాళ్ళ గదే.

అపోహ: పైన మా ఇల్లుంది కదా, మా బాత్రూం వాడుకుంటారు.

ఇంట్లో బాత్రూం ఇంటిదే. దాన్ని షాపు లెక్కలో వెయ్యకూడదు. తాళం మీ దగ్గరుంటుంది, మీరు ఊరెళ్ళిన రోజున కింద పనిచేసేవాళ్ళ సంగతేంటి?

అపోహ: 1.2 వస్తే ఒకటి చాలు.

పట్టికలో "లేదా అందులో భాగానికి" అని ఉంటుంది. 50 సీట్లకి ఒకటి అన్నచోట హోటల్లో 60 సీట్లుంటే రెండు కట్టాలి. హోటల్లో స్టాఫ్‌కి వేరే లెక్క: మగవాళ్ళు 15 మంది వరకు ఒకటి, ఆడవాళ్ళు 12 మంది వరకు ఒకటి. వంటమనిషిని కస్టమర్లతో క్యూలో నిలబెట్టకండి.

ఇక్కడే ఇంకో తికమక ఉంది. కుర్రాళ్ళు అమెరికా పాఠాలు చూసి వచ్చి, భిన్నాలన్నీ ముందు కూడి ఆ తర్వాతే పై అంకెకి తీసుకెళ్ళాలి సార్ అంటున్నారు. వాళ్ళ ఇంటర్నేషనల్ ప్లంబింగ్ కోడ్‌లో అది నిజమే. అక్కడ జనాన్ని ఆడా మగా సగం చేసి, ఒక్కో వాడకానికి వచ్చిన భిన్నాన్ని కూడతారు. షాపులో 66 మంది, హోటల్లో 60, ఆఫీసులో 30 అనుకోండి. ఆడవాళ్ళ వైపు షాపుకి 500 మందికి ఒకటి చొప్పున 0.066, హోటలుకి 75 మందికి ఒకటి చొప్పున 0.4, ఆఫీసుకి 25 మందికి ఒకటి చొప్పున 0.6. మొత్తం 1.066, అంటే రెండు. విడివిడిగా పైకి తీసుకెళ్తే మూడు. కానీ ఆ సౌకర్యం అందరికీ తెరిచి ఉండే ఉమ్మడి టాయిలెట్లకి. మామూలుగా 500 అడుగుల లోపు, ఒక అంతస్తు పైనో కిందో ఉండాలన్న షరతు కూడా ఉంది. మన బిల్డింగులో సాయంత్రం ఆఫీసు షట్టరు పడుతుంది, హోటలు రాత్రి దాకా నడుస్తుంది, ఎవరి తాళం వాళ్ళది. అలాంటి చోట నేను వాడకానికి వాడకం విడిగానే లెక్కేస్తాను.

అపోహ: కోడ్ సలహా మాత్రమే, ఎవరూ అడగరు.

నేషనల్ కోడ్ సలహాగా ఉన్న మాట నిజమే. కానీ బరంపురంలో మనకి ఒడిశా 2020 బిల్డింగ్ రూల్స్ ఉన్నాయి, ప్లాను పాసయ్యేది వాటి కిందే. సరిహద్దు దాటి ఇచ్ఛాపురంలో కడితే ఆంధ్రా రూల్స్. ముందు ఆ కాగితం చూసి, దాన్నీ కోడ్‌నీ పక్కపక్కన పెట్టి ఏది ఎక్కువ అడిగితే అది గీయండి. వీల్‌చైర్ టాయిలెట్ కూడా మొదటి రోజే గీయాలి, తలుపు తెరిచాక 900 మిల్లీమీటర్లు ఖాళీ రావాలి. స్లాబు పడ్డాక గోడ జరపమని నా దగ్గరికొచ్చినవాళ్ళు చాలామంది ఉన్నారు, అప్పటికి పైపు దిగాల్సిన చోట బీము ఉంటుంది.