1830 బోర్డు గేమ్: కొత్తవాళ్లు నమ్మే అపోహలు, బల్ల మీద తేలే వాస్తవాలు

డబ్బు లెక్కల బోర్డు గేమ్ అనగానే మనవాళ్లకు గుర్తొచ్చేది చిన్నప్పటి బిజినెస్ ఆట. పాచికలు వేయడం, ఊళ్లు కొనడం, అద్దె వసూలు చేయడం. ఆ అలవాటుతో 1830 ముందు కూర్చుంటే మొదటి గంటలోనే తికమక మొదలవుతుంది. ఫ్రాన్సిస్ ట్రెషమ్ రూపొందించిన ఈ ఆటను 1986లో అమెరికాలో అవలాన్ హిల్ సంస్థ విడుదల చేసింది. అమెరికా ఈశాన్య ప్రాంతంలో ఎనిమిది రైల్వే కంపెనీలు ఉంటాయి. వాటి షేర్లు కొంటూ అమ్ముతూ, పట్టాలు వేస్తూ, రైళ్లు నడుపుతూ పోవాలి. బ్యాంకులోని 12,000 డాలర్లు అయిపోయాక, లేదా మధ్యలో ఎవరైనా దివాలా తీస్తే, ఆట ముగుస్తుంది. చేతిలో ఉన్న నగదు, షేర్ల విలువ కలిపి ఎవరికి ఎక్కువుంటే వాళ్లు గెలిచినట్టు.

వారాంతాల్లో కొత్తవాళ్లకు ఈ ఆట నేర్పుతుంటాను. దాదాపు ప్రతిసారీ ఇవే మాటలు వినిపిస్తాయి.

అపోహ: ఎక్కువమంది కొంటే షేరు ధర పెరుగుతుంది.

పెరగదు. ఈ ఆటలో కొనడం వల్ల ధర అంగుళం కూడా కదలదు. రైళ్లు తెచ్చిన ఆదాయం మొత్తం షేరుదారులకు డివిడెండ్‌గా పంచితే, ధరల పట్టికలో ధర కుడికి ఒక గడి జరిగి పెరుగుతుంది. పంచకుండా కంపెనీలోనే ఉంచుకుంటే ఎడమకు జరిగి తగ్గుతుంది. అమ్మిన ఒక్కో పది శాతం షేరుకు ఒక్కో గడి కిందికి. షేర్ల రౌండు ముగిసేసరికి పది షేర్లూ ఆటగాళ్ల దగ్గరే ఉంటే ఒక గడి పైకి. అంతే.

డివిడెండ్ పంచాలా వద్దా అన్నది కంపెనీ ప్రెసిడెంట్, అంటే అందులో ఎక్కువ షేర్లున్న ఆటగాడు, ఒక్కడే నిర్ణయిస్తాడు. కాబట్టి షేరు కొనేముందు మ్యాపు కంటే ఆ ప్రెసిడెంట్ మొహం చూడటం మంచిది. ఇంకో సంగతి. ఒకేసారి అమ్మే షేర్లన్నిటికీ అప్పటి ధరే దక్కుతుంది, ధర పడేది ఆ తర్వాతే. ముందు అమ్మినవాడికి పూర్తి డబ్బు, వెనకాల ఉన్నవాడికి పడిపోయిన ధర. అందుకే షేర్ల రౌండులో ఎవరి వంతు ముందు వస్తుందన్నదాని మీద అంత టెన్షన్.

అపోహ: అదృష్టం కలిసి రావాలి.

పాచికలు లేవు, కలిపి పంచే కార్డులూ లేవు. మొదట ఎవరు ఎక్కడ కూర్చోవాలన్నది చీటీ తీసి తేల్చుకున్నాక మిగతాదంతా మన నెత్తి మీదే.

అపోహ: మొదటి ధర ఎంత ఎక్కువ పెడితే కంపెనీకి అంత గౌరవం.

ప్రారంభ ధర 67 నుంచి 100 డాలర్ల మధ్య పెట్టుకోవచ్చు. అరవై శాతం షేర్లు అమ్ముడైతే కంపెనీ పని మొదలుపెడుతుంది, అప్పుడే పది షేర్ల సొమ్మూ ఖజానాలోకి వస్తుంది. నలుగురు ఆడితే తలా 600 డాలర్లతో మొదలవుతారు. 67 పెడితే 402 డాలర్లకే ఒక్కరే కంపెనీ నిలబెట్టవచ్చు, కానీ ఖజానాకు వచ్చేది 670. 100 పెడితే వెయ్యి వస్తుంది గానీ మీ జేబు మొత్తం ఖాళీ, ఆట మొదట్లో వేలం వేసే చిన్న కంపెనీలేవైనా కొని ఉంటే అదీ కుదరదు. నా ఓటు ఎక్కువ ధరకే, పక్కవాళ్లు షేర్లు పంచుకుంటామంటేనే సుమా.

అపోహ: నా కంపెనీని చివరిదాకా కాపాడుకోవాలి.

ఎక్కువమంది ఓడిపోయేది ఇక్కడే. కంపెనీ ఖజానా మీ గెలుపు లెక్కలోకి రాదు. పైగా ప్రెసిడెంట్ కుర్చీ హోదా కంటే పూచీకత్తు ఎక్కువ.

ఆటకు గడియారం రైళ్లే. పేరులోని అంకె ఆ రైలు ఎన్ని ఊళ్లు తిరగగలదో చెబుతుంది. 2-రైలు 80 డాలర్లు, 3-రైలు 180, 4-రైలు 300, 5-రైలు 450, 6-రైలు 630, డీజిల్ 1,100. ఎవరైనా మొదటి 4-రైలు కొనగానే బోర్డు మీదున్న 2-రైళ్లన్నీ చెత్తబుట్టకే. మొదటి 6-రైలు 3-రైళ్లను, మొదటి డీజిల్ 4-రైళ్లను అలాగే తీసేస్తాయి. దారి ఉండి రైలు లేని కంపెనీ కచ్చితంగా రైలు కొనాలి. ఖజానాలో చాలకపోతే మిగతాది ప్రెసిడెంట్ సొంత జేబు నుంచి కట్టాలి, అవసరమైతే తన షేర్లు అమ్మి మరీ.

ఇప్పుడు ఒక ఎత్తు చూడండి. ఈరీ, పెన్సిల్వేనియా అనే రెండు రైల్వే కంపెనీలకూ మీరే ప్రెసిడెంట్. ఈరీలో మీకు అరవై శాతం, మీ స్నేహితుడికి ఇరవై. కంపెనీలు ఒకదాని రైలు ఇంకొకటి ఎంతకైనా కొనుక్కోవచ్చు. ఈరీ ఖజానాలోని 500 డాలర్లూ పెట్టి పెన్సిల్వేనియా దగ్గరున్న ముసలి 3-రైలును ఈరీ చేత కొనిపిస్తారు. ఆ డబ్బుతో పెన్సిల్వేనియా ఎప్పటికీ పాతబడని 5-రైలు కొంటుంది. షేర్ల రౌండు రాగానే ఈరీలో యాభై శాతం అమ్మేస్తారు. కుర్చీ స్నేహితుడికి వెళ్తుంది. తర్వాత ఎవరో 6-రైలు కొంటారు, 3-రైళ్లు పోతాయి. రైలూ డబ్బూ లేని ఈరీకి కనీసం 630 డాలర్ల రైలు అతను కొనిపెట్టాలి. వట్టిపోయిన బర్రెను సంతలో అంటగట్టడమే ఇది.

తప్పించుకోవాలంటే ఆ స్నేహితుడు మీకంటే ముందు అమ్మాలి, లేదా పది శాతంతోనే సరిపెట్టుకోవాలి. ఇరవై శాతం లేనివాడి మీదకు కుర్చీని ఎవరూ నెట్టలేరు.

అపోహ: ఇది బాగా ఆడితే డీమ్యాట్ ఖాతాలోనూ లాభాలే.

వద్దు. పైన చెప్పిన ఎత్తు బోర్డు మీద చెల్లుతుంది, ఎందుకంటే ఖజానాలో ఎంతుందో బల్ల చుట్టూ అందరికీ కనిపిస్తుంది. బయట లోపలి సమాచారం తెలుసుకుని ముందే షేర్లు అమ్ముకుంటే షేర్ మార్కెట్‌ను నియంత్రించే సెబీ 2015 ఇన్‌సైడర్ ట్రేడింగ్ నిబంధనలు ఊరుకోవు. ఒక కంపెనీ సొమ్ముతో తమ వాళ్ల ఇంకో కంపెనీని కొనడం అంటే ఏమిటో హైదరాబాద్ వాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. 2008 డిసెంబరులో సత్యం సంస్థ, దాని అధిపతి రామలింగరాజు కుటుంబానికే చెందిన మేటాస్ కంపెనీలను కొనబోతే ఇన్వెస్టర్లు తిరగబడ్డారు, ఆ నిర్ణయం వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది.

చరిత్రతో పోలిస్తే మాత్రం ఆటే నయం. 1868లో రైల్వే కుబేరుడు వాండర్‌బిల్ట్ అసలు ఈరీ రైల్‌రోడ్‌ను చేజిక్కించుకోబోతే డ్రూ, గూల్డ్, ఫిస్క్ అనే ముగ్గురూ కొత్త షేర్లు అచ్చేసి ఆయనకే అమ్మారు. 1830 ఆటలో ఒక్కో కంపెనీకి షేర్లు పదే, పదకొండోది పుట్టదు.

అపోహ: లెక్కల్లో దిట్టలకే, అదీ రోజంతా ఖాళీ ఉన్నవాళ్లకే.

కూడికలు, భాగహారం వస్తే చాలు. సమయం మాత్రం నిజమే, కొత్తవాళ్లు నలుగురైతే ఐదారు గంటలు. పెట్టెలోని కాగితం నోట్లు పక్కన పెట్టి పోకర్ చిప్స్ వాడితే చాలా సమయం కలిసొస్తుంది. చివరి రౌండ్లలో ఇక మారేదేమీ లేదని అందరూ ఒప్పుకుంటే, మిగిలిన డివిడెండ్లు కాగితం మీద కూడి ఆపేస్తాం. భోజనం మాత్రం చేసి రండి, మధ్యలో లేస్తే ఎవరు ఎంతకు అమ్మారన్నది మళ్లీ పట్టుకోవడం కష్టం.