సొమ్ము ముంబై చేరింది, పేర్లు బ్రాంచిలోనే ఉండిపోయాయి

‘మీ సొమ్ము, మీ హక్కు’ పేరుతో కేంద్రం 2025 అక్టోబర్ 4న గాంధీనగర్‌లో ప్రచారం మొదలుపెట్టాక, ఎవరూ వచ్చి అడగని డిపాజిట్ల వ్యవహారం మళ్లీ రాజుకుంది. బ్యాంకు డిపాజిట్లు, బీమా, పీఎఫ్, షేర్లు అన్నీ కలిపి 1.84 లక్షల కోట్ల రూపాయలు యజమానుల కోసం ఎదురుచూస్తున్నాయని ఆర్థిక మంత్రి నిర్మలా సీతారామన్ ఆ రోజు ప్రకటించారు. జిల్లాల్లో శిబిరాలు పెట్టారు, చెక్కులిస్తూ ఫొటోలు దిగారు. ఆ శిబిరం దాకా వెళ్లి ఫలానా కాగితం లేదని వెనక్కి వచ్చిన వాళ్ల ఫొటోలు మాత్రం ఎక్కడా కనిపించవు.

పదేళ్లు కదలిక లేని డిపాజిట్ రిజర్వ్ బ్యాంకుకు పోతుందన్నది అందరికీ తెలిసిన సంగతే. పోయేటప్పుడు దాంతోపాటు ఏం వెళ్లింది, ఏం వెళ్లలేదు అన్న దగ్గరే ఈ గొడవంతా ఉంది.

2013 జనవరి దాకా ఇలాంటి డబ్బు బ్యాంకు దగ్గరే ఉండేది. ఏటా ఒక లెక్క రిజర్వ్ బ్యాంకుకు పంపితే సరిపోయేది. ఆ జనవరిలో బ్యాంకింగ్ నియంత్రణ చట్టంలోకి 26ఎ సెక్షన్ వచ్చింది. దాని కింద 2014 మే 24న డిపాజిటర్ల విద్య, అవగాహన నిధి స్కీమ్‌ను నోటిఫై చేశారు. అప్పటి నుంచి పదేళ్లు దాటిన సొమ్మును బ్యాంకులు నెలనెలా ముంబైలోని రిజర్వ్ బ్యాంకు దగ్గరున్న ఆ నిధికి జమ చేస్తున్నాయి. అయితే జమ చేసేది మొత్తాన్ని మాత్రమే. ఏ ఖాతాదారుడిది ఎంత, ఆయన ఊరు ఏది, నామినీ ఉన్నారా లేదా అన్న వివరాలు బ్యాంకు దగ్గరే ఉంటాయి. అంటే నిధికి రూపాయలు తెలుసు గానీ మనుషులు తెలియరు. ఈ ఒక్క ఏర్పాటు దగ్గరే దారి తప్పిందని నాకనిపిస్తుంది.

చట్టం చెడ్డదేమీ కాదు. సొమ్ము నిధికి వెళ్లాక కూడా డిపాజిటర్ గానీ వారసులు గానీ ఎప్పుడైనా అడగొచ్చు, దానికి గడువు లేదు. బ్యాంకు ముందు తాను చెల్లించి, తర్వాత నిధి నుంచి రాబట్టుకుంటుంది. వడ్డీ వచ్చే డిపాజిట్ అయితే నిధిలో ఉన్న కాలానికీ వడ్డీ కట్టిస్తారు. ఆ రేటు 2014 జూలై నుంచి 4 శాతం, 2018 జూలై నుంచి 3.5, 2021 మే 11 నుంచి 3 శాతం. ఒకప్పుడు మంచి వడ్డీ వస్తుందని వేసిన ఎఫ్‌డీకి ఇప్పుడు దక్కేది ఇదే.

కంపెనీల డివిడెండ్ల సంగతి ఇంతకంటే ఘోరంగా ఉండేది. 1999లో కంపెనీల చట్టంలో చేర్చిన 205సి సెక్షన్ ప్రకారం, ఏడేళ్లు తీసుకోని డివిడెండ్ ఇన్వెస్టర్ల నిధికి వెళ్లిందంటే ఇక అటు కంపెనీని గానీ ఇటు నిధిని గానీ అడగడానికి వీల్లేదు. 2013 కంపెనీల చట్టం వచ్చాకే ఆ తలుపు తెరుచుకుంది. ఇప్పుడు ఆ నిధికి ఐఈపీఎఫ్-5 అనే క్లెయిమ్ ఫారం పెట్టి డివిడెండే కాదు, షేర్లూ వెనక్కి తెచ్చుకోవచ్చు. పీఎఫ్, చిన్న మొత్తాల పొదుపు, బీమాలో మిగిలిపోయిన డబ్బు కోసం 2015 ఫైనాన్స్ చట్టం వృద్ధుల సంక్షేమ నిధిని పెట్టింది. అక్కడ మాత్రం గడియారం తిరుగుతూనే ఉంటుంది. 25 ఏళ్లలో ఎవరూ అడగకపోతే ఆ సొమ్ము కేంద్రానిదైపోతుంది. తాతగారి డబ్బు బ్యాంకులో మిగిలితే గడువు లేదు, బీమాలో మిగిలితే ఉంది. ఈ తేడా ఎందుకో శిబిరాల్లో ఎవరూ చెప్పరు.

మళ్లీ పేర్ల దగ్గరికి వద్దాం. పదేళ్లు దాటిన ఖాతాదారుల పేర్లు, చిరునామాలు వెబ్‌సైట్లలో పెట్టాలని రిజర్వ్ బ్యాంకు 2012 ఫిబ్రవరిలోనే బ్యాంకులకు చెప్పింది. బ్యాంకులు పెట్టాయి కూడా, ఎవరి సైట్‌లో వాళ్లు. నాన్నకు ఏ బ్యాంకులో ఖాతా ఉందో తెలిస్తేనే వెతకగలిగే జాబితాలవి. అది తెలిసిన వాళ్లు నేరుగా బ్రాంచికే వెళ్తారు కదా. 2021 మార్చి చివరికి నిధిలో 39,264 కోట్లు పోగయ్యాయి. అన్ని బ్యాంకులకూ కలిపి ఒకే చోట వెతికే వీలుండాలని, చనిపోయిన వారి ఖాతాల వివరాలు వారసులకు అందాలని పాత్రికేయురాలు సుచేతా దలాల్ సుప్రీంకోర్టుకు వెళ్లారు. 2022 ఆగస్టులో కోర్టు కేంద్రానికి, రిజర్వ్ బ్యాంకుకు నోటీసులిచ్చింది. మరుసటి ఏడాది ఆగస్టు 17న ఏడు బ్యాంకులతో, ఒకే చోట వెతికే రిజర్వ్ బ్యాంకు వెబ్‌సైట్ ఉద్గమ్ పోర్టల్ వచ్చింది. 2024 మార్చికల్లా 30 బ్యాంకులు చేరాయి, నిధిలోని సొమ్ములో సుమారు 90 శాతం వాటిదే. నిధి మొదలైన తొమ్మిదేళ్లకు గానీ వెతుక్కునే కిటికీ తెరవలేదన్నమాట.

ఆ కిటికీ దగ్గర మన తెలుగువాళ్ల తిప్పలు వేరు. ఖాతాదారుడి పేరు ఇంగ్లిష్‌లో కొట్టి, పాన్, ఓటరు కార్డు, పాస్‌పోర్టు, లైసెన్స్, పుట్టిన తేదీల్లో ఏదో ఒకటి ఇవ్వాలి. ఏదీ లేకపోతే చిరునామా. ఒకే సుబ్బారావు ఒక పాస్‌బుక్‌లో కె.వి. సుబ్బారావు, ఇంకో దాంట్లో సుబ్బారావు కె, ఓటరు కార్డులో పూర్తి ఇంటిపేరుతో వెంకట సుబ్బారావు. లక్ష్మిని ఒక గుమాస్తా ‘కేఎస్‌హెచ్’తో రాస్తే ఇంకొకరు ‘ఎక్స్’తో రాశారు. పాత ఎఫ్‌డీ కాగితం మీద పాన్ ఉండకపోవచ్చు, పుట్టిన తేదీ బడిలో వేసిందో ఇంట్లో చెప్పిందో తెలియదు. కాబట్టి ఒకసారి కొట్టి రాలేదని వదిలేయకుండా, ఇంటిపేరు ముందూ వెనకా మార్చి, అక్షరాలు మార్చి చూడాలి.

పెట్టెలో ఆంధ్రా బ్యాంకు పాస్‌బుక్ దొరికితే యూనియన్ బ్యాంకులో వెతకాలి, 2020 ఏప్రిల్ 1న అందులో కలిసిపోయింది. స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ 2017 ఏప్రిల్ 1న ఎస్‌బీఐలో కలిసింది. సిండికేట్ కెనరాలోకి, వైశ్యా బ్యాంకు ఐఎన్‌జీ వైశ్యాగా మారి చివరికి కోటక్‌లోకి.

బ్యాంకుల వాదనా ఉంది. మొత్తాలు బయటపెడితే దొంగ వారసులు దిగుతారని, రేపు అసలు వాడొస్తే తాము మళ్లీ కట్టాల్సి వస్తుందని వాళ్ల భయం. నిజమే. కానీ ఆ భయం ఖర్చంతా వారసుడి నెత్తినే పడింది. ఉద్గమ్‌లో పేరు దొరికినా చేతికొచ్చేది ఒక రిఫరెన్స్ నంబరే, డబ్బు కోసం బ్రాంచికి వెళ్లాల్సిందే. నామినీ లేకపోతే తాసిల్దారు ఇచ్చే ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, రేపు నష్టమొస్తే తామే భరిస్తామని రాసిచ్చే ఇండెమ్నిటీ బాండ్, అన్నదమ్ముల, ఆడపడుచుల నో అబ్జెక్షన్. కొన్నిచోట్ల చిన్న మొత్తానికీ కోర్టు నుంచి వారసత్వ సర్టిఫికెట్ తెమ్మనేవారు. అమెరికాలో ఉన్న తమ్ముడి సంతకం కోసం ఆగిపోయిన ఫైళ్లకు లెక్కలేదు.

2025 సెప్టెంబర్‌లో రిజర్వ్ బ్యాంకు కొత్త ఆదేశాలిచ్చింది. చనిపోయిన ఖాతాదారుడి సొమ్ము 15 లక్షల లోపు ఉంటే (సహకార బ్యాంకుల్లో 5 లక్షలు) సులువు పద్ధతిలోనే తేల్చాలి. కాగితాలన్నీ అందిన 15 రోజుల్లో చెల్లించాలి. బ్యాంకు వల్ల ఆలస్యమైతే రిజర్వ్ బ్యాంకు ప్రకటించే ‘బ్యాంక్ రేటు’ వడ్డీకి మరో 4 శాతం కలిపి పరిహారం కట్టాలి. వీటి అమలుకు 2026 మార్చి 31 దాకా గడువిచ్చారు. ఆదేశాలిచ్చిన ఆ సెప్టెంబర్‌లోనే బ్యాంకులకూ ఒక ప్రోత్సాహకం ప్రకటించారు. ఇలాంటి సొమ్మును యజమానికి చేరిస్తే ఖాతా ఎంతకాలంగా నిద్రపోతోందన్న దాన్ని బట్టి 5 నుంచి 7.5 శాతం, గరిష్ఠంగా 25 వేల రూపాయల దాకా బ్యాంకుకు నిధి నుంచి వస్తుంది. ఖాతాదారుడి వివరాలన్నీ మొదటి నుంచీ తన దగ్గరే ఉన్న బ్యాంకుకు, అతన్ని వెతికి పట్టుకున్నందుకు ఇచ్చే బహుమతి ఇది. ఆ స్కీమ్ 2026 సెప్టెంబర్ 30 వరకే. వారసుల హక్కుకు మాత్రం ఆ తేదీతో సంబంధం లేదు, శిబిరం ఎత్తేశాక వెళ్లినా బ్రాంచి కాదనడానికి వీల్లేదు.